ఫోను వచ్చినా లెక్క మనమే వినాలి



ఇదివరకు కిస్తీ కట్టాలంటే కూలికి నాగా పెట్టి కనిగిరి బ్యాంకుకు పోయేవాళ్లం. 2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు కూరగాయల బండి కాడ కూడా ఫోన్‌పే కొడుతున్నాం. ఉపాధి పనికాడ హాజరు కూడా ఫోన్లో ఫోటో తీసే వేస్తున్నారు. దీనివల్ల మేలు జరిగింది, కాదనం.

అయితే ఒక మాట. మీటింగులో పుస్తకం పైకి చదివినప్పుడు చదువు రాని అక్క కూడా తన అప్పెంతో వినేది, అనుమానముంటే అడిగేది. ఇప్పుడు లెక్క మెసేజిగా వస్తోంది. ఆ ఫోను చాలా ఇళ్లల్లో భర్త జేబులోనో, పిల్లల చేతిలోనో ఉంటోంది. అప్పు అక్క పేరు మీదే, ఎంత మిగిలిందో మాత్రం ఆమెకు తెలియడం లేదు.

అందుకే మా సంఘంలో మూడు తీర్మానాలు చేసుకున్నాం. ప్రతి మీటింగులో అందరి పొదుపు, అప్పు పైకి చదవాలి. ఓటీపీ, పిన్ను ఎవరికీ చెప్పకూడదు. మనకు డబ్బు రావడానికి పిన్ను కొట్టే పనే లేదు. మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

వేలిముద్ర వేసే ముందు "ఎంతకు వేస్తున్నాను?" అని అడుగుదాం. మీ సంఘాల్లో కూడా ఇట్లే చేయాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.