అటక మీది సిరాబుడ్డి వయసెంత?



బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, హోసూరులోనైనా పాత ఇంటి అటక దులిపితే పింగాణీ సిరాబుడ్డి ఒకటి దొరకడం వింతేమీ కాదు. కరణీకం చేసిన తాతగారిదో, వకీలు పెదనాన్నగారిదో అయి ఉంటుంది. పాత సామాన్లవాడు పది రూపాయలు చేతిలో పెట్టి పట్టుకుపోకముందే దాన్ని ఒక్కసారి బోర్లించి చూడండి. దాని జాతకం చాలావరకు అడుగునే ఉంటుంది.

ముందు అది పింగాణీయేనా? దీపానికి ఎదురుగా పట్టండి. పలచటి చోట వెలుతురు దిగితే పింగాణీయే. గోధుమరంగులో, బరువుగా, మూతికి చిన్న ముక్కు ఉంటే అది బుడ్డి కాదు, సిరా అమ్మిన రాతిమట్టి సీసా. ఇంగ్లండులోని డెన్బీలో బోర్న్ వారు ఆర్నాల్డు సిరా కంపెనీకి అలాంటివి చేసి ఇచ్చేవారు. ఆ పేర్లు సీసా మీదే అచ్చుగుద్ది ఉంటాయి.

ఇక ముద్రలు. డైమండు ఆకారపు గుర్తు ఉంటే ఆ నమూనా ఇంగ్లండులో 1842, 1883 మధ్య రిజిస్టరైంది. పైకొసన రోమన్ అంకె నాలుగుంటే పింగాణీ, మట్టిసామాన్ల తరగతి అన్నమాట. 1884 నుంచి డైమండు పోయి, 'ఆర్‌డి' అన్న అక్షరాల పక్కన వట్టి నంబరు వచ్చింది. ఒకటితో మొదలైన ఆ నంబరు 1900 నాటికి మూడున్నర లక్షలు దాటింది. అయితే అది నమూనా పుట్టిన ఏడాదే సుమండీ, మీ బుడ్డి కాలిన ఏడాది కాదు. ఆ తరువాత కూడా అదే అచ్చులో ఎన్నో తీసి ఉండవచ్చు.

'ఇంగ్లండ్' అన్న ఒక్క మాటే ఉంటే సాధారణంగా 1891 తరువాతిది. దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం చేయడమే దానికి కారణం. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉంటే అది ఇరవయ్యో శతాబ్దపుది. 'నిప్పాన్' అంటే 1891, 1921 మధ్య జపాను సరుకు. 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాం వారికి 'లిమోజ్, ఫ్రాన్స్' అన్న ముద్ర ఎదురైనా ఆశ్చర్యం లేదు.

అడ్డంగా పెట్టిన రెండు నీలం కత్తులో, అల్లుకున్న రెండు 'ఎల్' అక్షరాలో కనిపిస్తే మాత్రం తొందరపడకండి. మొదటిది జర్మనీలోని మైసెన్‌ది, రెండోది ఫ్రాన్సులోని సేవ్ర్‌ది. అసలు కంటే నకళ్ళే ఎక్కువ. టీ నీళ్ళలో నానబెట్టి పగుళ్ళకు పాతరంగు తెప్పించే ఘనులూ ఉన్నారు.

సిరా మరకలు పోవాలని చింతపండుతో, యాసిడ్‌తో తోమకండి. బంగారు గీత ముందు పోతుంది. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. ఆ బుడ్డి ఎవరిదో ఇంట్లో పెద్దవారిని అడిగి, ఒక చీటీ మీద రాసి అందులోనే వేసి ఉంచండి.