మతము – మనోవికాసము



మతము మనస్సునకు రెక్కలిచ్చునా, సంకెలలు వేయునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము దూరము పోనక్కఱలేదు. రాజంపేట చెంతనున్న తాళ్ళపాకయే చాలును.

1408లో జన్మించిన అన్నమాచార్యుడు పల్లెప్రజల పలుకుబడిని, జోలపాటను, సువ్విపాటను వేంకటేశ్వరుని సన్నిధికి చేర్చెను. దేవుని యెదుట కులముల హెచ్చుతగ్గులు నిలువవని చాటెను. ఆయనకట్టి ధైర్యమిచ్చినది భక్తియే.

ఆయన సంకీర్తనలు రాగిరేకులకెక్కెను. తిరుమల యాలయము వానికి చోటిచ్చెను. కాని కాలక్రమమున ఆ భాండారము మూతపడెను. 1922 ప్రాంతమున వెలికివచ్చువఱకు వేలకొలది పాటలు చీకటిలోనే యుండెను. కాపాడిన గోడలే కప్పివేసినవి!

కావున మతవ్యవస్థ కట్టిన యిల్లు చెడ్డదని నేననను. ఆ యిల్లే లేనిచో ఆ రేకులు మనకు దక్కెడివి కావేమో. తలుపు తెఱచియుండెనా, మూసియుండెనా యనునదే ప్రశ్న.

మతాచారములను నిలదీసిన వేమనకు ఏ యాలయమును భాండారము కట్టలేదు. జనుల నాలుకలును, తాటాకు ప్రతులును ఆయనను బ్రతికించినవి. కడపలో నివసించి తెలుగునకు సేవచేసిన బ్రౌను దొర 1829లో ఆ పద్యములను అచ్చువేయించెను.

భక్తుని, ప్రశ్నించినవానిని ఒకే బీరువాలో నిలుపగలది గ్రంథాలయమొక్కటే. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకును అదే పరీక్ష. పుస్తకమును చెదలనుండి కాపాడుట సగము పని. కులమతములడుగక, వచ్చినవారి చేతికందించుట తక్కిన సగము. ఆ బీరువా తాళము తుప్పుపట్టినను చింతలేదు. దానితో మనకు పని పడకుండుగాక!