వేపచెట్టు కింద ట్రాక్టరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీవారు నన్ను ఇంజనీరింగ్‌లో అవకాశాల గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి నాకన్నా బాగా చెప్పగలవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. పొద్దుటి నుంచి అందరూ ఆ వేపచెట్టు కింద ఉన్న ఎర్ర ట్రాక్టరు చుట్టూ తిరుగుతున్నారు కాబట్టి దాని గురించే చెబుతానని వాళ్లను ఒప్పించుకున్నాను.

అది మ్యాసీ ఫెర్గుసన్ 1035. మద్రాసులో 1960లో మొదలైన టాఫే వారి బండి. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజను, సుమారు 35 హార్స్‌పవర్. వెనక మూడు చేతులతో పనిముట్టును పట్టుకుని, నాగలికి నేల గట్టిగా తగిలితే తనంతట తనే కాస్త పైకెత్తుకుంటుంది. ఆ పద్ధతి ఐర్లండులో పుట్టిన హారీ ఫెర్గుసన్ బుర్రలోది. మా నాన్న దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. నేను ఈ బడికి నడిచొస్తుంటే అది పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోయేది. మీలో కొందరు ఆ ట్రక్కు వెనక వేలాడినవాళ్లే, ఇప్పుడు బుద్ధిమంతుల్లా కూర్చున్నారు.

నేను మెకానికల్ రెండో సంవత్సరం చదువుతుండగా సెలవులకు ఇంటికొచ్చాను. కాలవలు వదిలారు, దమ్ములు మొదలయ్యాయి. కేజ్ వీల్స్ తగిలించి మోకాలి లోతు బురదలో దిగితే ఇంజను మూలుగుతోంది. అప్పటికి నేను థర్మోడైనమిక్స్ ఒక పేపరు పాసయ్యాను. అంతకన్నా ప్రమాదకరమైన మనిషి ఊళ్లో ఇంకొకరుండరు. డీజిలు పంపుకు సీలు వేసి ఉంటుంది, ఎవరూ కదపకూడదని. మేస్త్రిగారు వద్దన్నా వినకుండా, ఆయన వెళ్లాక సీలు తెంచి డీజిలు పెంచాను. బండి నిజంగానే ఊపందుకుంది. సైలెన్సరు నుంచి నల్లటి పొగ. నల్లపొగ అంటే పోసిన డీజిలుకు సరిపడా గాలి లేదని, ఇంజను లోపల వేడి పెరిగిపోతోందని. అది నా పుస్తకంలోనూ ఉంది. పుస్తకం కాలేజీలో ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం రేడియేటర్ కుతకుత ఉడికింది. నేను కంగారుపడి ఇంజను ఆపి, మూత తీసి, కాలవలో ముంచిన బిందెడు చన్నీళ్లు పోశాను. ఏదో టక్కుమంది. నాన్న గట్టు మీద నిలబడి చూస్తున్నారు. ఒక్క మాట అనలేదు.

బండిని విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లారు. అద్దె ట్రాక్టరు దొరికేసరికి మా నారు ముదిరిపోయింది. నేను కాలేజీకి వెళ్లిపోయాను. నాన్న ఉత్తరం రాశారు: హెడ్ గ్యాస్కెట్ పోయిందట, మార్చారట, బండి బాగుందట, చదువు మీద దృష్టి పెట్టమని. గ్యాస్కెట్టే కదా అని నేను మరిచిపోయాను. నాకు ఉద్యోగం వచ్చాక ఆయన పొలం కౌలుకిచ్చి బండి అమ్మేశారు. తర్వాత కొన్నేళ్లకు ఆయనా వెళ్లిపోయారు.

నాలుగేళ్ల కిందట పక్క మండలంలో ఒక ఇటుక బట్టీ వెనక దాన్ని చూశాను. ముందు చక్రాలు లేవు, సీటు మీద కోళ్లు. మడ్‌గార్డుకు నాన్న వేయించిన రేకు అతుకును చూసి గుర్తుపట్టాను, ఛాసిస్ నంబరు చూసి నిర్ధారించుకున్నాను. పాత ఇనుము ధరకే ఇచ్చారు.

విప్పడానికే ఒక చలికాలం పట్టింది. తుప్పుపట్టిన బోల్టును బలంతో తిప్పితే విరుగుతుంది. కిరసనాయిలు పోసి, రెండు రోజులాగి, మెల్లగా కొట్టి, మళ్లీ పోసి, అప్పటికీ రాకపోతే గ్యాస్‌తో వేడిచేసి తీయాలి. ఇంజను బోరుకొచ్చింది. లైనర్లు పై భాగంలో, రింగులు ఆగి వెనక్కి తిరిగే చోట బాగా అరిగిపోయాయి. దుమ్ములో తిరిగిన ప్రతి ఇంజను కథా అదే.

ఒకరోజు బ్లాకు పక్కగోడ మీద పొరలు పొరలుగా ఉన్న పాత రంగు గీకుతుంటే ఒక వంకర గీత, దాని పొడవునా కందిగింజంత చుక్కలు వరసగా కనబడ్డాయి. లెక్కపెడితే పంతొమ్మిది. పోత ఇనుము చీలితే మామూలు వెల్డింగ్‌కు లొంగదు, ఆ వేడికి పక్కనే మళ్లీ చీలుతుంది. అందుకని చీలిక వెంబడి రంధ్రాలు వేసి, మరలు కోసి, ఒకదాన్నొకటి పట్టుకునేలా పిన్నులు బిగించి, తలలు కోసి సాపు చేస్తారు. బట్ట కుట్టినట్టే. ఆ పని చేయడానికి చేతులు కావాలి, ఓపిక కావాలి, డబ్బూ కావాలి.

అంటే ఆ రోజు పోయింది గ్యాస్కెట్ కాదు, బ్లాకు చీలింది.

మేస్త్రిగారు ఇప్పుడు పని మానేశారు. కొడుకు షాపులో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఫోటో చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని, "ఇది నేను కుట్టిందే బాబూ. కొత్త బ్లాకు కొనే డబ్బు మీ నాన్నగారి దగ్గర లేదు. అబ్బాయికి చెప్పొద్దన్నారు, మనసు పాడవుతుందని" అన్నారు. ఎంతయిందని అడిగాను. గుర్తులేదన్నారు. గుర్తుందని నాకు తెలుసు.

కొత్త బ్లాకు వేద్దామని తమ్ముడు పోరాడు. నేను దాని రంధ్రాలన్నీ మూసి, గాలి ఎక్కించి, సబ్బు నురగ పూసి చూశాను. ఒక్క బుడగ రాలేదు. ఆ బ్లాకునే ఉంచాను. కొత్త లైనర్లు దిగ్గొట్టించి, బోరు చేయించి, హెడ్డు బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు విడతలుగా టార్క్ రెంచితో బిగించాం. డీజిలు పంపును మాత్రం నేను ముట్టుకోలేదు. టెస్ట్ బెంచి ఉన్న షాపులో సెట్ చేయించి, సీలు వేయించి తెచ్చాను.

సామాను విషయంలో నాకు అదృష్టం కలిసొచ్చింది. ఈ 1035 వారసులు ఇప్పటికీ తయారవుతున్నాయి కాబట్టి పిస్టన్లు, రింగులు, క్లచ్చు ప్లేట్లు దొరుకుతాయి. మన బ్యాచ్ మిత్రుడొకడు వాళ్ల తాతగారి హెచ్‌ఎంటీ జెటార్ బాగుచేస్తున్నాడు. పింజోర్‌లో 1971లో మొదలైన ట్రాక్టర్ల తయారీని మూసేయాలని 2016లో నిర్ణయం అయిపోయింది. వాడు చిన్న బుష్షు కోసం కూడా లేత్ షాపు మెట్లెక్కుతున్నాడు. టాటా బెంజ్ లారీ ఉన్నవాళ్లు ఇంకా పాతకాలం మనుషులు. టెల్కోకు, డైమ్లర్ బెంజ్‌కు 1954లో కుదిరిన ఒప్పందం 15 ఏళ్లు నడిచింది. ముందు జాలీ మీద ఆ మూడు కోణాల నక్షత్రం ఉన్న లారీ మీ దొడ్లో ఉంటే దయచేసి తూకానికి వేయకండి, నాకు ఫోన్ చేయండి.

చాలామంది పాత బండి బాగుచేయడం అంటే రంగుతో మొదలుపెడతారు. నేను బ్రేకుతో మొదలుపెట్టమంటాను. ట్రాక్టరుకు కుడి, ఎడమ బ్రేకులు వేరు, పొలంలో మలుపు తిప్పడానికి. రోడ్డెక్కేటప్పుడు ఆ రెండు పెడళ్లనూ కలిపే కొక్కెం వేయాలి. వేయకుండా, వెనక లోడు ట్రక్కుతో, వేగంలో ఒక్క పెడలు తొక్కితే బండి ఒక పక్కకు లాగి తిరగబడుతుంది. ఇక్కడున్నవాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఆ కొక్కెం తుప్పుపట్టి ఊడిపోయిందో ఇవాళ సాయంత్రం వెళ్లి చూసుకోండి. వెల్డింగ్ షాపులో పది నిమిషాల పని.

మిగతావి మేస్త్రిగారు నాకు చిన్నప్పుడే చెప్పినవి, నేను అప్పుడు విననివి. డీజిలు డ్రమ్మును కదిపిన వెంటనే తోడొద్దు, నీరు, మడ్డి అడుక్కు దిగనివ్వాలి. దమ్ము చేసినన్నాళ్లు, నూర్పిళ్లప్పుడు ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిలు రోజూ చూడాలి, బురదలా చిక్కబడితే పారబోసి కొత్తది పోయాలి. రేడియేటర్ రెక్కల్లో ఊక ఇరుక్కుంటే లోపల ఎన్ని నీళ్లున్నా చల్లబడదు. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోయొద్దు. ఈ చివరిది నేను వేరే చెప్పక్కర్లేదు.

ఒక చిన్న ఫిర్యాదు. 2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ అని నిబంధనలు తెచ్చింది. నంబరులో వీఏ అనే అక్షరాలు కూడా ఇస్తారు. కానీ అది మోటారు సైకిళ్లకు, కార్లకు. లారీకి, ట్రాక్టరుకు అందులో చోటు లేదు. జమీందారుగారి కారుకు ఉన్న గౌరవం, దేశానికి తిండిపెట్టిన బండికి లేకపోయింది. ఈ సభలో ఇద్దరు రిటైర్డ్ రవాణా శాఖ అధికారులున్నారు. భోజనాల దగ్గర వాళ్లను పట్టుకుంటాను.

రంగు ఆఖరున వేయించాను. ఆ పంతొమ్మిది పిన్నుల మీద మాత్రం వేయనివ్వలేదు. తుప్పు పట్టకుండా వార్నిష్ పూశాను. ఎడమ వైపు నుంచి వంగి చూస్తే కనబడుతుంది.

ఇక మాట్లాడింది చాలు. కిందికి దిగి స్టార్ట్ చేస్తాను. పిల్లలూ, చక్రాల దగ్గరికి రాకండి, దూరంగా నిలబడి చూడండి. మా సైన్సు మాస్టారు మాత్రం దగ్గరికి రావాలి. పొగ ఏ రంగులో ఉందో ఆయనే చెప్పాలి.