చీనాబ్ మీద ఉక్కు కమాను

జమ్మూకాశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో బక్కల్, కౌరీ అనే రెండు ఊళ్ల మధ్య చీనాబ్ నది లోతైన లోయలో పారుతుంది. కాశ్మీర్‌కు రైలు వెళ్లాలంటే ఆ లోయను దాటి తీరాలి. ఘాట్ రోడ్డు మీద బస్సు దిగినట్టు రైలు కిందికి దిగి మళ్లీ ఎక్కలేదు. అందుకే పట్టాలను నదికి 359 మీటర్ల ఎత్తున వేయాల్సి వచ్చింది. పారిస్‌లోని ఈఫిల్ టవర్ కూడా అంత ఎత్తు లేదు.

అంత లోతులోంచి నది మధ్యన స్తంభాలు లేపడం అయ్యే పని కాదు. తీగలతో వేలాడే వంతెన కడదామంటే, బరువైన రైలు వెళ్లేటప్పుడు అది బాగా కదులుతుంది. కాబట్టి ఇంజనీర్లు ఉక్కు కమానును ఎంచుకున్నారు. రైలు బరువు కమాను మీద నిలిపిన స్తంభాల గుండా కమానులోకి, అక్కణ్ణుంచి రెండు కొండల్లోకి దిగుతుంది. లోయకు అడ్డంగా కట్టిన తీగల మీద నడిచే క్రేన్లు ఉక్కు భాగాలను మోసుకొస్తుంటే, కమానును రెండు వైపుల నుంచీ ముక్క ముక్కగా పెంచుకుంటూ పోయారు. 467 మీటర్ల ఆ కమాను 2021 ఏప్రిల్‌లో మధ్యలో కలిసింది. గాలికి కంపించకుండా దాని ఉక్కు పెట్టెల్లో కాంక్రీటు నింపారు. గంటకు 266 కిలోమీటర్ల గాలినీ, భూకంపాన్నీ తట్టుకునేలా వంతెనకు రూపకల్పన చేశారు.

ఫోటోల్లో మనకు కనిపించేది ఈ కమానే. కానీ అంత బరువునూ మోసేది దాని పాదాల కింద ఉన్న కొండ. ఆ కొండ గట్టి ఏకశిల కాదు. నిటారు వాలు, నిండా పగుళ్లు. తవ్వేకొద్దీ ముందటి సర్వేల్లో తేలని బోలు ప్రదేశాలు బయటపడ్డాయి. దాంతో బయటపడిన రాయిని బట్టి అప్పటికప్పుడు డిజైన్ మార్చుకుంటూ వెళ్లారు. రాతిలోకి లోతుగా రంధ్రాలు తొలిచి, ఉక్కు కడ్డీలు దించి, చుట్టూ సిమెంటు పాలు ఎక్కించి, విడివిడి బండలను ఒకదానికొకటి బిగించారు.

ఈ పనికి పదిహేడేళ్ల పాటు సలహాదారుగా నిలిచినవారు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు జి. మాధవీలత. ఆమె మన ప్రకాశం జిల్లా ఆడపడుచు. కాకినాడలోనూ వరంగల్‌లోనూ ఇంజనీరింగ్ చదివారు. వంతెన పూర్తయ్యాక తననే పొగుడుతుంటే, ఇది వేలమంది శ్రమ అని ఆమె స్పష్టంగా చెప్పారు.

2025 జూన్ 6న వంతెన ప్రారంభమైంది. సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలకు నా మాట ఒక్కటే. నేలనూ రాతినీ చదివే శాస్త్రాన్ని చిన్నచూపు చూడకండి. ఎంత గొప్ప ఉక్కు కట్టడమైనా ముందు దానికే తల వంచాలి.