పడుటయు నొక విద్యయే



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. చిరకాలము సంస్కృతము బోధించిన మేము శబ్దములను, ధాతువులను గూర్చి ప్రసంగింతుమని మీరు తలంచియుందురు. కాని జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతమున సభ గూడినపుడు, చలనచిత్రములలో పోరాటములు చేయువారి విద్యను స్మరించుట న్యాయమని మాకు దోచినది.

వాత్స్యాయనుడు 64 కళలలో వ్యాయామవిద్యను జేర్చెను. భరతముని రంగమున శస్త్రప్రయోగమునకు నాలుగు న్యాయములు విధించి, నిజముగ ఛేదింపరాదనియు, రక్తము చిందరాదనియు, దెబ్బ సూచనామాత్రముగ నుండవలెననియు శాసించెను. నేటి ఫైటుమాస్టరు నేర్పునదియు నిదియే. పిడికిలి చెంపను దాకరాదు. కెమెరాకు మాత్రము దాకినట్లే తోపవలెను. పడువాడు తగిన క్షణమున తల త్రిప్పనిచో ఎంతటి నాయకుని శౌర్యమైనను హాస్యాస్పదమగును.

చీరాల చెంతనున్న కారంచేడున జన్మించిన కవలసోదరులు రామ్-లక్ష్మణులను జూడుడు. వారి బడిచదువు స్వల్పము. మద్రాసు చేరి, ఫైటర్లుగా దెబ్బలు తినుచు పని నేర్చి, పిదప మాస్టరులై నంది పురస్కారములను బడసిరి. ‘సరిలేరు నీకెవ్వరు’ (2020), ‘వాల్తేరు వీరయ్య’ (2023) చిత్రములందలి పోరాటములలో వారి కృషిని మీలో పెక్కురు చూచియే యుందురు. ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రమునకు గాను కింగ్ సోలమన్‌కు 2023లోను, ‘హను-మాన్’ చిత్రమునకు గాను నందు, పృథ్వీలకు 2025లోను జాతీయ పురస్కారములు ప్రకటింపబడినవి. 2027లో విడుదలయ్యెడి చిత్రములు మొదలుకొని ఆస్కారు సంస్థయు ఈ విద్యకు ప్రత్యేక బహుమతి నొసగనున్నది.

కీర్తి మాస్టరులకు దక్కినది, సంతోషమే. మరి పడినవాని మాట యేమి?

మా బడిలో నొక బాలుడు చింతకొమ్మ నుండి కొమ్మకు దూకుచుండెడివాడు. మేము వానిని బెత్తముతో గొట్టి, కొఱగానివాడవని నిందించితిమి. ముప్పదేండ్లకు కృష్ణానగర్‌లో టీకొట్టు నొద్ద వాడు మమ్ము గుర్తించి పాదములకు మ్రొక్కబోయెను. వంగలేకపోయెను. అద్దము పగులగొట్టుకొని దూకిన యొక దృశ్యమున మోకాలు చెడినది. బీమా లేదు, పనియు లేదు. “మాస్టారూ, దెబ్బకు ఓర్చుకొనుట మీ దగ్గరే నేర్చితిని గదా” అని నవ్వెను. మేము నవ్వలేకపోతిమి. వాని విద్యను ఆనాడు గుర్తింపనిది మేమే. లోకము పిదప చేసినదియు నదియే.

2025 జూలైలో తమిళనాట నాగపట్టణము చెంత, కారు పల్టీకొట్టు దృశ్యమున అనుభవజ్ఞుడైన యొక స్టంటు నటుడు ప్రాణము గోల్పోయెను. పిమ్మట హిందీ నటుడు అక్షయ్ కుమార్ సుమారు 650 మంది స్టంటు పనివారికి బీమా చేయించెనని పత్రికలు వ్రాసినవి. ఆయన ఔదార్యము శ్లాఘనీయము. కాని ప్రాణరక్షణము దాతృత్వముపై నాధారపడరాదు. అది కూలిలో భాగము గావలెను.

కావున మా విన్నపములు రెండు. పోషకులలో చిత్రములకు ధనము బెట్టువారు, ఫైటరు మేడ యెక్కుటకు ముందే వాని బీమాపత్రము సిద్ధమైనదో లేదో విచారింతురు గాక. మన సంఘపు విద్యానిధి, గాయపడి పని మానిన ఫైటర్ల బిడ్డల కొఱకు ఏటేట కొంత కేటాయించుగాక. ఆ నిధికి మా పింఛనులో నొక నెల మొత్తమును నేడే సమర్పించుచున్నాము. ఇది దానము గాదు. ఒక బాలునకు మేము బడిన బాకీ.