బ్రాహ్మీ ముహూర్తము – రాత్రి మెలకువ



ప్రొద్దెక్కి లేచువాని యింట లక్ష్మి నిలువదని పెద్దలు, అర్ధరాత్రి దాటినగాని నిద్రపట్టనివాడు నాలుగింటి కెట్లు లేచునని పిల్లలు. నేడు పెక్కు యిండ్లలో ఈ వాదము నడుచుచున్నది. శాస్త్రమేమి చెప్పుచున్నదో విచారింతము.

ముహూర్తమనగా రెండు ఘడియలు, 48 నిమిషములు. సూర్యోదయమునకు 96 నిమిషముల ముందు ఆరంభమై 48 నిమిషముల ముందు ముగియునది బ్రాహ్మీ ముహూర్తము. ఆరు గంటలకు సూర్యోదయమైనచో 4-24 మొదలు 5-12 వరకు. పాఠశాలలో మేము వల్లె వేసినది ఈ వేళనే. ఊరు సద్దుమణిగియుండును, స్వరము చెవికి స్పష్టముగా తగులును, పాఠము నిలుచును. దీని మహిమ తక్కువది కాదు.

అయితే వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున ఈ విధిని చెప్పుచు, స్వస్థుడైనవాడు లేవవలెనని విశేషించి పలికెను. రోగికిది నిర్బంధము కాదు. అలవాటులేని జాగరణము చేసినవాడు మేల్కొనిన కాలములో సగము, మరునాటి ఉదయము, భుజింపకమునుపు నిద్రింపవలెననియు ఆయనయే చెప్పెను. అతినిద్ర, అతిజాగరణము రెండును యోగమునకు అడ్డులేనని గీత ఆరవ అధ్యాయము బోధించుచున్నది.

మన పల్నాటినే చూడుడు. సాగరు కుడికాలువ నీటి వంతు నడిరేయి వచ్చినచో రైతు చేను విడిచి రాగలడా? సిమెంటు కర్మాగారమున రాత్రి పాళీ చేయువాడు, ఆసుపత్రిలో రోగి మంచముకడ నిలిచిన నర్సు తెల్లవారి పండుకొనిన, వారిని సోమరులనుట అధర్మము. ఆ యింటివారు గడప చప్పుడు కాకుండ చూచుటయే వారికి చేయదగిన సేవ.

దేహములోని కాలగతిని నడపు సూక్ష్మయంత్రమును కనుగొనిన ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. ఆ గతి అందరికి ఒక్కటి కాదు. కొంత పుట్టుకతో వచ్చును, వయస్సుతో మారును. యౌవనమున నిద్ర ఆలస్యమగును, వార్ధక్యమున మెలకువ ముందుగా వచ్చును. కాబట్టి మావంటి వృద్ధులు మూడింటికే లేచుట యంతయు తపోబలమని భ్రమపడరాదు!

రాత్రి మెలకువ దోషమే యైనచో మహాశివరాత్రినాడు కోటప్పకొండపై త్రికోటేశ్వరుని సన్నిధిని జనసముద్రము జాగరము చేయునా? లింగోద్భవకాలము నడిరేయియే కదా! కావున ఎప్పుడు మేల్కొంటివని కాదు, ఎందులకు మేల్కొంటివని అడుగవలెను. ఇతరుల ఆకలి తీర్చుటకా, విద్యకా, లేక చేతిలోని ఫోనులో వ్యర్థ వినోదమునకా?

పనిలేని మెలకువ గల యువకులారా! దీపమును ముందుగా ఆర్పుడు. బ్రాహ్మీ ముహూర్తము ముందునాటి రాత్రియే మొదలగును. పెద్దలారా! బిడ్డను లేపుటకు ముందు, అతడెప్పుడు పండుకొనెనో, ఏల పండుకొనలేదో విచారింపుడు. లేచినవేళ యేదైనను, లేవగానే ఒక్క క్షణము భగవంతుని తలచుడు. ఆ స్మరణకు వేళ మించిపోవుట లేదు.

శ్రీ త్రికోటేశ్వరార్పణమస్తు.