గన్నేరు కంచె, కాపలా కుక్క
(బాల్కొండ మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, కరెంటు, కాలువ నీళ్లు మాట్లాడుకునే వేదిక మీద పూల చెట్టు సంగతెందుకని మీరు అనుకోవచ్చు. కానీ అది మన పశువుల ప్రాణాలకు సంబంధించిన మాట.

మన ఊళ్ల పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మధ్యలో గన్నేరు పూస్తుంది. ఇండ్ల ముందర, బావుల కాడ, కంచెల వెంట కూడా అదే చెట్టు. నీళ్లు లేకున్నా బతుకుతుంది, పశువు ముట్టదు. అందుకే దాన్ని పెడుతున్నాం. పశువు ఎందుకు ముట్టదో మాత్రం ఆలోచించం.

పచ్చగన్నేరు పప్పు మనిషి ప్రాణం తీస్తుందని మనందరికీ తెలుసు. ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు కూడా తక్కువవేం కాదు. ఆకు, పువ్వు, బెరడు, వేరు, అన్నింట్లోనూ విషమే. అందులోని ఓలియాండ్రిన్ అనే పదార్థం గుండె కొట్టుకునే లయను దెబ్బతీస్తుంది. కేరళలో 2024 మే నెలలో ట్రావెన్‌కోర్ దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరు పువ్వు వాడొద్దని నిర్ణయించింది.

పచ్చి ఆకు చేదు కాబట్టి పశువు వదిలేస్తుంది. కొమ్మలు నరికి పడేస్తే ఆకు వాడుతుంది, చేదు తగ్గుతుంది, విషం మాత్రం పోదు. గడ్డిలో కలిస్తే ఆవు, మేక తినేస్తాయి. పెద్ద ఆవుకైనా పది ఇరవై ఆకులు చాలు.

మరి కుక్క సంగతి? మక్క చేను, ఎర్రజొన్న చేను మీదికి అడవి పందులు రాకుండా రాత్రంతా మొరిగేది అదే. గొర్ల మందకు కాపలా అదే. కుక్క ఆకులు తినదు కదా అనుకుంటాం. కానీ కుక్కపిల్ల పుల్ల దొరికితే కొరుకుతుంది. చెట్టుకింద కట్టేసిన కుక్క ఏమీ తోచక కొమ్మ నములుతుంది. చిన్న ఒళ్లు కాబట్టి కొంచెం విషమే ఎక్కువవుతుంది.

చొంగ కార్చడం, కక్కడం, విరేచనాలు, నీరసం, తూలడం, గుండె తప్పి కొట్టుకోవడం దీని గుర్తులు. అప్పుడు ఉప్పు నీళ్లు, నూనె తాగించి ఇంట్లో కక్కించొద్దు. నోట్లో మిగిలిన ఆకు తీసేయండి. వెంటనే పశువుల దవాఖానకు తీసుకపోండి, లేదా 1962కు ఫోన్ చేయండి. కొరికిన కొమ్మ వెంట తీసుకపోతే డాక్టరు తొందరగా గుర్తుపడతారు. పొద్దున చూద్దామంటే ప్రాణం దక్కకపోవచ్చు.

ఉన్న చెట్లన్నీ నరకమని మేం అనడం లేదు. కుక్కను, దూడను దాని దగ్గర కట్టొద్దు. నరికిన కొమ్మలు గడ్డివాము దగ్గర, నీళ్ల తొట్టి దగ్గర వేయొద్దు. వాటిని కాల్చొద్దు, పొగ కూడా మంచిది కాదు. గుంట తీసి పూడ్చండి. ఇంటి ముందర కొత్తగా పెట్టేవాళ్లు మల్లె, నూరువరహాలు పెట్టుకోండి.

అధికారులను మనం అడగాల్సినవి రెండున్నాయి. రహదారి మీద కత్తిరించిన గన్నేరు కొమ్మలను చేన్ల గట్ల మీద, మేత భూముల్లో పడేయకుండా అదే రోజు తీసుకపోవాలి. నర్సరీల్లో గన్నేరు మొక్క ఇచ్చేటప్పుడు ఇది విషపు చెట్టని చెప్పాలి. ఈ రెండింటికీ ప్రభుత్వానికి పెద్ద ఖర్చేం కాదు. పాడి గేదె చస్తే మాత్రం రైతు ఇల్లు కూలుతుంది.

ఈ మాట ప్రతి గ్రామసభలో ఎత్తండి. గొర్ల కాపరులకు, పిల్లలకు తప్పక చెప్పండి.